గుడ్డ తెల్లబడేదాకా

అంకబాబుకి ఆ పూట ఏడుపొక్కటే తక్కువ. చక్రం రుద్దుతున్నాడు, గుడ్డ నల్లబడుతోంది. గుడ్డ మారుస్తున్నాడు, అదీ నల్లబడుతోంది. పొద్దున ఎనిమిదింటికి కూర్చున్నవాడు పదకొండున్నర అయినా లేవలేదు. పక్కన నల్లగుడ్డలు కుప్పపడ్డాయి.

గుంటూరు ఆటోనగర్‌లో మౌలాలి ఉస్తాద్ షెడ్డు అది. రంగు వేయని ఉత్త అల్యూమినియం చక్రాలకి అద్దంలాంటి మెరుగు పెట్టడం ఆయన పని. గురువారం సాయంత్రాలు దర్గాలో కూర్చుంటాడు, తక్కిన రోజులు షెడ్డులో. రెండు చోట్లా ఆయన మాట్లాడేది తక్కువే. ఆయన దగ్గర ఉంటే మనసు కుదుటపడుతుందని ఎవరో చెబితే, పదేళ్లుగా లారీలకి రంగులేసే పని వదిలేసి అంకబాబు నెలన్నర కిందట ఇక్కడ చేరాడు.

కుదుటపడాల్సింది చాలానే ఉంది మరి. అతను తాగొచ్చి చేసే రభస భరించలేక భార్య నాంచారమ్మ రెండేళ్ల కిందట రేపల్లెలో పుట్టింటికి వెళ్లిపోయింది. తాగుడు మానేసి పద్నాలుగు నెలలైంది. వచ్చి తీసుకెళ్తే వస్తానని ఆమె రెండుసార్లు కబురు కూడా పెట్టింది. ఈ మహానుభావుడే కదలడం లేదు.

"ఇంకా కోపం చావలేదు ఉస్తాద్," అన్నాడు మొన్న. "రాత్రి సీసా కల్లోకొచ్చింది. లోపలున్న మురికంతా పోయాక పోయి తెచ్చుకుంటా. ఈలోపు తీసుకొచ్చి మళ్లీ ఏడిపించటం ఎందుకండీ?"

ఉస్తాద్ టీ తాగి గ్లాసు కింద పెట్టాడు.

ఇవాళే మొదటిసారి ఒక చక్రాన్ని పూర్తిగా అంకబాబు చేతికి వదిలాడు. టూరిస్టు బస్సుది. గరుకు కాగితాలు వరసగా పట్టడం నిన్ననే అయింది, పాలిష్ పూసి గుడ్డతో రుద్దడమే మిగిలింది. మిగతా చక్రాలన్నీ బిగించేశారు. డ్రైవరు "అయిందా తమ్ముడూ?" అని అడిగి అడిగి నోరు నొప్పెట్టి ఊరుకున్నాడు.

"అయ్యాక పిలువు," అని మాత్రమే చెప్పాడు ఉస్తాద్. అంకబాబుకి తెలిసిన 'అవ్వడం' ఒక్కటే. రంగు వేసేముందు రేకు తుడిస్తే గుడ్డ తెల్లగా రావాలి. పదేళ్లూ అలాగే తుడిచాడు.

చివరికి గుడ్డ విసిరికొట్టాడు. "నావల్ల కాదు ఉస్తాద్. ఎంత తీసినా మురికి వస్తానే ఉంది."

ఉస్తాద్ లేచి, గుమ్మం పక్కన నలుగురూ చూడ్డానికి పెట్టిన చక్రాన్ని దొర్లించుకొచ్చాడు. ఆ వీధివాళ్లు అందులో చూసుకుని తల దువ్వుకుంటారు. జేబులోంచి తన తెల్ల రుమాలు తీసి, కాస్త పాలిష్ అద్ది, దానిమీద నాలుగుసార్లు రుద్ది అంకబాబు చేతిలో పెట్టాడు.

రుమాలు నల్లగా ఉంది.

"అదేంది! దీంట్లో మురికి లేదుగా?"

"లేదు."

"మరి ఈ నలుపు?"

"అల్యూమినియమే, అబ్బాయ్. రుద్దినంతసేపూ వస్తానే ఉంటది."

అంకబాబు రుమాలుని తిప్పి తిప్పి చూశాడు. "మరి అయిందని ఎట్టా తెలిసిద్ది?"

"పొద్దున్నుంచీ గుడ్డనే చూస్తన్నావు," అని ఉస్తాద్ వంగి, అంకబాబు రుద్దిన చక్రాన్ని వెలుతురు వైపు తిప్పాడు.

అందులో టీ కొట్టు ఉంది, దాని పైన నీలం రేకు, ఎదురుగా బస్సు, బస్సుకి ఆనుకుని ఆవలిస్తున్న డ్రైవరు. అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఎప్పుడో పదింటికే అయిపోయి ఉంటుంది. అంకబాబుకి నవ్వొచ్చింది.

చక్రం బిగించారు. బస్సు వెళ్లిపోయింది. అంకబాబు నల్లగుడ్డల కుప్ప ఎత్తి బయట పడేశాడు.

"ఉస్తాద్, రేపల్లె బండి ఎన్నింటికండీ?"

"ఒంటిగంటకి."

అంకబాబు చేతులు చూసుకున్నాడు. మోచేతుల దాకా నలుపే. సబ్బు తీసుకుని కుళాయి దగ్గరికి పరిగెత్తాడు. రుద్దాడు, కడిగాడు, మళ్లీ రుద్దాడు. గోళ్ల సందుల్లో అలాగే ఉంది.

"అది ఒక పట్టాన పోదులే," అన్నాడు ఉస్తాద్ వెనకనుంచి. "బండి పోయిద్ది. బయల్దేరు."