రెండుసార్లు చదివించుకున్న గేదె

కొండదాపు అడవిలో కొమ్ములతో, కోరలతో తగవులు తీర్చుకోవడం మానేసి మూడు తరాలైంది. ఏనుగు పెద్దయ్యగారు కచేరీ పెట్టి, "ఇకమీదట ఎవరు ముందు పొడిస్తే వాళ్లదే తప్పు. గొడవ ఏదైనా కాగితం మీద పెట్టి నా దగ్గరికి తీసుకురండి" అని ఆజ్ఞ వేశారు. ఆ రోజుతో పులికి పని తగ్గింది, నక్కకు పని పెరిగింది.

కచేరీకి ఎదురుగా నేరేడు చెట్టు కింద చాప వేసుకుని కూర్చునే ఆ నక్క పేరు చలమయ్య. లేఖరి. అర్జీలు, అద్దె కాగితాలు, అమ్మకం దస్తావేజులు, ఏవైనా రాసిపెడతాడు. పక్కనే ఒక చిప్పలో నేరేడు రసం ఉంటుంది. గిట్టలున్నవాళ్లు గిట్ట, పంజాలున్నవాళ్లు పంజా అందులో ముంచి కాగితం మీద ముద్ర వేసి పోవాలి. పొద్దెక్కేసరికి చాప చుట్టూ ఇసకేస్తే రాలనంత జనం.

"చలమయ్యగారూ, బొరియ ఖాళీ చెయ్యమని ఏదుపంది పొద్దున చెప్పాడండీ. సాయంత్రానికల్లా పోవాలా?" అని కుందేలు వణుకుతూ అడిగింది.

"గడువివ్వకుండా వెళ్లగొట్టడం కుదరదు. ఎన్నాళ్లకని రాసుకున్నారు?"

"రాసుకోలేదండీ. మొహమాటమేసి..."

"అదే మీతో వచ్చిన చిక్కు. ముందు మొహమాటం, తరవాత ఏడుపు. కూర్చో, రాస్తాను."

"అయ్యా, మా నాన్న కట్టిన గూడు తనొక్కడిదే అంటున్నాడు మా అన్నయ్య. ఆడపిల్లనని నాకు భాగం లేదా?" అని పావురం.

"ఎందుకు లేదూ? అన్నకెంతో నీకూ అంతే. తరవాత!"

చట్టం తెలియదని చలమయ్యను ఎవరూ అనలేరు. అది ఆయన నోట్లోనే ఉంటుంది. కాకపోతే ఆ చట్టం ఏ రోజు ఎవరి పక్కన నిలబడుతుందన్నది, ఆ పొద్దున ఆ నోట్లోకి ఏం వెళ్లిందన్న దాన్ని బట్టి ఉండేది.

ఇక సింగారి సంగతి. సింగారి గేదె. ఇవాళ పలకరిస్తే రేపు బదులు చెప్పే రకం. "దానికేం చెప్పినా దున్నపోతు మీద వాన కురిసినట్టే" అని మేకలు నవ్వుకునేవి. సింగారి పట్టించుకునేది కాదు. "మీరు నమిలి మింగేస్తారు, అక్కడితో సరి. నేను ముందు మింగుతాను, నింపాదిగా నెమరేస్తాను. నాకు ఏ మాటైనా రెండుసార్లు చెప్పాలి" అనేది. మేకలు కూడా నెమరేస్తాయి గాని, కబుర్ల మధ్య ఆ సంగతి మరిచిపోయాయి.

ఆ ఏడు రోహిణీ కార్తెలో రోళ్లు పగిలే ఎండ కాసింది. సింగారి ఈని ఇరవై రోజులైంది. పెయ్యదూడను వెంటేసుకుని రోజులాగే తామర మడుగుకు బయల్దేరింది. సగం దారిలో ఈ కొస నుంచి ఆ కొసకు అడ్డంగా తుమ్మముళ్ల కంచె. కంచె వెనకాల అడవిపంది గుండప్ప ఒళ్లంతా బురద పూసుకుని చల్లగా కూర్చున్నాడు. కిందటేడే జింకల దగ్గర ఆ చేను రాయించుకున్నవాడు అతనే.

"ఏం తమ్ముడూ, దారికి అడ్డంగా ఈ ముళ్లేమిటి?" అంది సింగారి.

"దారెక్కడిదక్కా? ఇది నా చేను. నా చేనుకు నేను కంచె వేసుకున్నాను."

"మా అమ్మమ్మ ఇటే నడిచింది, మా అమ్మా ఇటే నడిచింది. నేను పుట్టిన మూడో రోజున ఇటే నడిచాను."

"ఇన్నాళ్లు నడిచినందుకు నేనేమన్నా అడిగానా? ఇకమీద కొండ చుట్టి వెళ్లండి. నడక ఆరోగ్యానికి మంచిది."

కొండ చుట్టి వెళితే సగం పూట పడుతుంది. ఇరవై రోజుల పెయ్య అంత దూరం నడవలేదు. మడుగులో మునగకుండా నాలుగు రోజులు గడిస్తే సింగారి పొదుగులో పాలు ఎండిపోతాయి, పాలు ఎండితే పెయ్య దక్కదు. వెనక నుంచి ఎద్దు పుల్లన్న, "ఒక్క పోటు పొడువు వదినా, కంచే పోతుంది, వాడూ పోతాడు" అని ఉసిగొల్పాడు. సింగారి తల అడ్డంగా ఊపింది. కొమ్ములకు దురద లేక కాదు. ముందు పొడిచినవాళ్లదే తప్పు కదా, గుండప్ప కోరుకునేదీ అదే అయ్యుండొచ్చు. పెయ్యను మోదుగు నీడలో పడుకోబెట్టి, పుల్లన్నను కాపలా పెట్టి, నేరేడు చెట్టు దారి పట్టింది.

చలమయ్య అప్పటికే మూతి తుడుచుకుంటున్నాడు. చాప మీద పీతల డిప్పలు నాలుగు కనిపించాయి. పీతలుండేది తామర మడుగులోనే. సింగారి ఆ డిప్పలను చూసింది, ఆ సంగతి మింగింది. నెమరు తరవాత.

"నడిస్తే దారి నీదైపోతుందా సింగారక్కా? నీదేనని కాగితముందా?"

"లేదయ్యా."

"మరింకేం! కాగితం లేనివాళ్లు గొడవకు దిగకూడదు. అడగందే అమ్మైనా పెట్టదు. దారి ఇప్పించండని గుండప్పకు మర్యాదగా ఒక అర్జీ పెట్టుకో. నోరు మంచిదైతే ఊరు మంచిది. అన్నీ నేనే రాస్తాను, నువ్వు గిట్ట వేస్తే చాలు. పొద్దు వాలేలోగా దూడతో సహా మడుగులో ఉంటావు."

మాటలు తేనెలాగే ఉన్నాయి. పెయ్య అవతల దాహంతో అరుస్తోంది. ఇంకెవరైనా అయితే అప్పుడే గిట్ట రసంలో ముంచేవాళ్లు. సింగారికి కూడా ఆ క్షణాన కాలు లేచింది. లేచిన కాలు మళ్లీ నేల మీద పెట్టి, "చదివి వినిపించు" అంది.

చలమయ్య గొంతు సవరించుకుని, గోరుతో వరస వరసా చూపిస్తూ చదివాడు. "మహారాజశ్రీ గుండప్పగారికి, కొండదాపు కాపురస్తురాలు సింగారి వ్రాసుకున్న అర్జీ. నాకూ నా పెయ్యకూ మడుగుకు పోవడానికి దారి ఇప్పించవలసిందిగా ప్రార్థన. అంతే!"

"ఇంకోసారి."

"ఎండలో నీకు ఓపికెక్కువక్కా. సరే విను." మళ్లీ అదే చదివాడు.

సింగారికి అక్షరం రాదు. కాని కళ్లున్నాయి. "చలమయ్యా, నీ గోరు అయిదు వరసల మీద నడిచింది, నీ నోరు మూడు వరసలే నడిచింది. మధ్యలో రెండు ఏమయ్యాయి?"

"అవి చట్టం మాటలు. నీకర్థం కావు."

"అర్థం కాకపోతే పోనీ. వినబడనీ."

చుట్టూ ఉన్నవాళ్లు తలెత్తి చూశారు. ఈ మొద్దుకు వినిపిస్తే మాత్రం ఏం ఒరుగుతుందనుకున్నాడో ఏమో, చలమయ్య ఆ రెండు వరసలూ ఒక్క ఊపిరిలో లాగించేశాడు. "సదరు దారి తమరి చేనులోనిదే అయినందునా, దానిపై నాకు గాని నా పూర్వులకు గాని ఎన్నడూ ఏ హక్కూ లేనందునా, తమరి దయ ఉన్నంతవరకు మాత్రమే. విన్నావుగా? వెయ్యి గిట్ట."

"నెమరేసుకుని రేపొస్తాను."

"ఆలస్యం అమృతం విషం అన్నారు అక్కా!"

"నిదానమే ప్రధానం అని కూడా అన్నారు తమ్ముడూ" అని సింగారి లేచింది.

కచేరీ వసారాలో రికార్డులు చూసే తాబేలు ఉంటాడు. అందరూ నింపాది తాత అంటారు. లేనివాళ్లకూ అక్షరం రానివాళ్లకూ సలహా ఉచితమని అక్కడ బోర్డు కూడా ఉంది. ఉచితమంటే నాసిరకమని జనం ఆ మెట్లెక్కరు. సింగారి ఎక్కింది. కంచె సంగతి, పీతల డిప్పల సంగతి, అర్జీలోని అయిదు వరసలూ పొల్లు పోకుండా అప్పజెప్పింది.

"ఎప్పుడైనా ఎవరినైనా అడిగి నడిచావా అమ్మాయ్ ఆ దారిన?" అన్నాడు తాత.

"లేదు తాతా. దారికి అడగడమేమిటి?"

"అదే నీ బలం. ఎవరినీ అడక్కుండా, దాక్కోకుండా, ఏళ్ల తరబడి అందరూ చూస్తుండగా నడిస్తే, చేను ఎవడిదైనా సరే, నడిచే హక్కు నీకు రావచ్చు. అది పెద్దయ్యగారు విచారించి తేలుస్తారు. కాని 'మీ దయ' అని ఒక్కసారి రాసిచ్చావో, హక్కు పోయి దయ మిగులుతుంది. ఇచ్చినవాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు లాక్కునేదే దయ."

సింగారి నెమరేసింది. తాత తొందరపెట్టలేదు, ఆయనకూ తొందర తెలియదు.

"తాతా, చేను నిజంగా వాడిదైతే, దారి వాడి చేనులోదని నాతో ఒప్పించుకోవడం ఎందుకు? నాలుగు పీతలు దండగ కదా?"

తాబేలు మెడ బయటికి వచ్చింది. "మంచి ప్రశ్న వేశావు. వాడి దస్తావేజు నకలు తీద్దాం. రికార్డులోని కాగితం ఎవరడిగినా చూపించాల్సిందే. అడిగేవాళ్లే లేరు."

నకలు దొరికింది. తాత చదివాడు. సింగారి రెండోసారి చదివించుకుంది. హద్దుల దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ రోజు సింగారి మొదటిసారిగా నెమరెయ్యకుండానే నవ్వింది.

సింగారి ఫిర్యాదు మీద మర్నాడు పొద్దున్నే కచేరీ నిండింది. ఏనుగు పెద్దయ్యగారు ఎత్తయిన బండ మీద కూర్చున్నారు. గుండప్ప ఒక పక్క, అతని తరఫున చలమయ్య. ఇంకో పక్క సింగారి, కాళ్ల దగ్గర వాడిపోయిన పెయ్య. మేకలు ముందు వరసలో చేరాయి.

"చేను మాది, కంచె మాది, దస్తావేజు మాది" అన్నాడు చలమయ్య. "ఈవిడ దగ్గర చీటీ ముక్కైనా లేదు అయ్యగారూ. మర్యాదగా అర్జీ పెట్టుకోమంటే అదీ పెట్టుకోలేదు."

"నువ్వేమంటావు సింగారీ?" అన్నారు పెద్దయ్యగారు.

"నేను మందమతిని అయ్యగారూ. ముందు చలమయ్యను ఒక్క మాట అడిగి తెలుసుకుంటాను. చలమయ్యా, గుండప్ప దస్తావేజు రాసింది నువ్వేనా?"

"నేను కాక ఈ అడవిలో ఇంకెవరున్నారు?"

"అందులో తప్పులేమైనా ఉంటాయా?"

నక్క తోక పైకి లేచింది. నలుగురిలో తన రాత గురించి అడిగితే చలమయ్య ఆగలేడు. "తప్పా? నా రాతలోనా? ఒక్క అక్షరం తేడా ఉందని చూపిస్తే ఇక్కడే ఈ తోక కోసుకుంటాను. చేను నాలుగు పక్కలా స్వయంగా తిరిగి చూసి రాశాను!"

"అందరూ విన్నారుగా?" అంది సింగారి. "ఇంకోసారి చెప్పు నాయనా, నాకు ఒక్కసారికి మింగుడు పడదు."

ఇంకోసారి చెప్పాడు, ఈసారి ఇంకాస్త గట్టిగా.

"అయితే ఆ నాలుగు పక్కలూ నీ నోటితోనే చదివి వినిపించు." సింగారి సైగ చెయ్యగానే తాబేలు నకలు తెచ్చి నక్క ముందు పెట్టాడు.

చలమయ్య కాగితం వైపు చూశాడు. మూతి మీది మీసాలు ఒక్కటొక్కటిగా వాలిపోయాయి. "తూర్పు, కొండ. దక్షిణం, మోదుగు చెట్లు. పడమర, తామర మడుగు. ఈ నాలుగు హద్దుల మధ్య గల..."

"మూడే వినబడ్డాయి" అంది సింగారి. "నోరు ఒక వరస దాటేసింది మళ్లీ."

"ఉత్తరం చదువు" అన్నారు పెద్దయ్యగారు. ఆయన తొండం నేలకు ఆనింది. అది ఆనితే ఎవరూ మాట దాటవేయరు.

"ఉత్తరం..." గొంతు పీలగా వచ్చింది. "ఉత్తరం, మడుగుకు పోయే గేదెల దారి."

కచేరీ ఒక్కసారి గొల్లున నవ్వింది. నాలుగు హద్దులూ రాయందే దస్తావేజు చెల్లదు. కిందటేడు ఆ చేను రాస్తున్నప్పుడు ఉత్తరాన ఏముందని చూస్తే గేదెల దారే ఉంది, అదే రాశాడు. హద్దుగా రాసినది చేనుకు బయటిదే అవుతుంది గాని లోపలిది కాదు. ఇప్పుడు రాత నిజమంటే గుండప్ప కంచె పోతుంది, తప్పంటే తోక పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఒరే చలమయ్యా!" అని గుండప్ప గుర్రుమన్నాడు. "నా పీతలు తిని నా గొయ్యి నువ్వే రాశావా?"

"పీతలు నిన్న తిన్నాను, దస్తావేజు కిందటేడు రాశాను" అన్నాడు చలమయ్య నీరసంగా. ఆయన జీవితంలో చెప్పిన శుద్ధ సత్యం బహుశా అదొక్కటే.

పెద్దయ్యగారు తీర్పు చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. గుండప్ప ఆ ముళ్లను తన కోరలతోనే, తన ఒంటితోనే అప్పటికప్పుడు పీకెయ్యాలి. చలమయ్య తోక ఎవరికీ అక్కర్లేదు గనుక ఉంచుకోవచ్చు. కాని ఇకమీదట ఆ నేరేడు చెట్టు కింద రాసే ప్రతి కాగితాన్నీ పైనుంచి కిందికి, ఒక్క వరస వదలకుండా, గట్టిగా రెండుసార్లు చదవాలి. అది విన్నాకే ఎవరైనా ముద్ర వేస్తారు.

మధ్యాహ్నానికల్లా దారి తెరుచుకుంది. పెయ్య తల్లికంటే ముందే బుడుంగున మడుగులో దూకింది. సింగారి మెడలోతు నీళ్లలో కళ్లు మూసుకుని, ఉదయం కచేరీలో జరిగినదంతా మొదటినుంచీ మళ్లీ నెమరేసుకుంది. మొదటిసారి కంటే రెండోసారే రుచిగా ఉంది.

మర్నాడు నేరేడు చెట్టు కింద చలమయ్య గొంతు బొంగురుపోయేదాకా చదువుతూనే ఉన్నాడు. కుందేలు చెవులు రెండూ నిక్కబొడుచుకుని విని, "బాగుందండీ, ఇంకోసారి" అంది. ముందు వరసలో మేకలు కూడా కూర్చున్నాయి. అవి నవ్వడం లేదు, నెమరేస్తున్నాయి.

చదివించుకోని కాగితం మీద ముద్ర, లోతు చూడని మడుగులో దూకుడు.