సొంత డబ్బా

ఓబులేసు ఏళ్ల తరబడి గుట్టల వెంబడి పల్లెలు తిరిగాడు. కరువుకు వలసపోయిన ఆడవాళ్ల కథలు అడిగి రాసుకున్నాడు. చెప్పినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. ఆ రాతప్రతిని ఏ ప్రచురణకర్తా వేయలేదు. చదివేవాళ్లుండరన్నారు.

ఒక మధ్యాహ్నం దాన్ని పట్టుకుని, పెనుకొండ దారిలో చిన్న దర్గా చూసుకునే తన గురువు హుసేన్ షా దగ్గరికి వెళ్లాడు.

"బాబా, ఇక దీన్ని అటకెక్కిస్తాను."

"నువ్వే అచ్చు వేయించవచ్చు కదా?"

"చెనిక్కాయ పంట డబ్బులున్నాయి. కానీ నా పుస్తకం నేనే వేసుకుంటే, సొంత డబ్బా కొట్టుకుంటున్నాడని నలుగురూ నవ్వుతారు."

బాబా లేచాడు. పొయ్యి మీది అన్నం, పప్పుచారు దించాడు. మూలనున్న ఖాళీ నూనె డబ్బా, గరిటె తీసుకుని దారి మీదికి నడిచాడు. డబ్బా మీద దబదబా వాయించాడు.

"రండి, అన్నం తినిపోండి!"

గొర్రెల కాపరులు వచ్చారు. కట్టెల మోపులు దించి ఆడవాళ్లు వచ్చారు. బస్సు తప్పిపోయినవాళ్లు వచ్చారు. ఓబులేసు వడ్డించాడు. కుండ ఖాళీ అయింది.

"ఎవరైనా నవ్వారా?" అడిగాడు బాబా.

"ఆకలి మీదున్నారు బాబా, ఎందుకు నవ్వుతారు?"

బాబా రాతప్రతి తెచ్చి అతని చేతిలో పెట్టాడు. "అయితే చదువు."

ఓబులేసు గొణుగుతూ మొదలుపెట్టాడు. ఎర్రక్క అనే ఆవిడ పసిబిడ్డను గంపలో పెట్టుకుని బళ్లారి దాకా నడిచిన కథ అది. చదివేకొద్దీ గొంతు పుంజుకుంది.

చెయ్యి కడుక్కుంటున్న ఒక ముసలావిడ చెంబు కింద పెట్టేసింది.

"ఆ గంపలో బిడ్డను నేనే నాయనా. మా యమ్మ పేరు అందులో ఉండాదా?"

"ఉందవ్వా."

"యాడ? చూపీ."

చూపించాడు. ఆమెకు చదువు రాదు. తడిచెయ్యి కొంగుకు బాగా తుడుచుకుని, ఆ అక్షరాలను వేలితో మెల్లగా తడిమింది.

"మా యమ్మ పేరు ఇంతవరకు ఎవరూ రాయలేదు నాయనా. పుస్తకమైతే నాకొకటి ఇయ్యి. నా మనవరాలు చదివి వినిపిస్తాది."

ఓబులేసు బాబా వైపు చూశాడు. బాబా వంచిన తల ఎత్తకుండా కుండ తోముకుంటున్నాడు.

ఆ వారమే ఓబులేసు హిందూపురంలో ప్రెస్సుకు వెళ్లాడు. ప్రెస్సాయన మొదటి పేజీ కూర్చుతూ అడిగాడు. "ప్రచురణకర్త అని ఎవరి పేరు వేయమంటారు?"

"నా పేరే వేయండి," అన్నాడు ఓబులేసు.