నేరేడమ్మ బుగ్గల్లో మందులు

కార్తీకమాసం వచ్చిందంటే నల్లకొండ మీద మంచు ఒక పట్టాన పోదు. కొండ నడుమనున్న గుడ్డిలోయలోకి పాకిపోయి, మధ్యాహ్నం దాకా అక్కడే ముడుచుకుని పడుకుంటుంది. ఆ లోయ దాటితే ఉసిరివనం. కాయల బరువుకి కొమ్మలు నేలను తాకుతుంటాయి. వనభోజనానికి అంతకన్నా మంచి చోటు లేదు. చిక్కల్లా ఒక్కటే. లోయలోకి దిగినవాళ్లందరూ అవతల తేలరు.

"లోపల ఎవరో పేరు పెట్టి పిలుస్తారర్రా. పలికి వెళ్లారా, అంతే!" అని తీతువు పిట్ట మొత్తుకునేది. దానికి ఎప్పుడూ చావుకబుర్లేనని అడవంతా నవ్వేది. నవ్విన మేకపిల్ల ఒకటి, కుందేలు ఒకటి ఇప్పుడు కనబడటం లేదనుకోండి, అది వేరే సంగతి.

కోతి మేడయ్య కాపురం సరిగ్గా ఆ లోయ గట్టు మీది చెట్టు మీదే. చెట్టు మీద గుసగుసలాడినా కిందికి వినబడుతుంది. ఆ ఏడు మేడయ్య, పెళ్లాం నేరేడమ్మ, కూతురు రేగి వనభోజనానికి సిద్ధమయ్యారు. నేరేడమ్మ పొద్దున్నే ఎండు కొబ్బరిబుర్ర ఒకటి ముందేసుకుంది. అందులో పసుపుకొమ్ము, వేపాకు ముద్ద, ఆకులో చుట్టిన బూరుగు దూది, కట్టు కట్టడానికి అరటినార సర్దింది.

"వనభోజనానికి వెళ్తున్నామా, వైద్యం చేయడానికి వెళ్తున్నామా?" అన్నాడు మేడయ్య.

"పిల్లతో వెళ్తున్నాం. కాలో చెయ్యో గీరుకుంటే?"

"ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే కట్లూ పసుపూనా! ఆ బుర్ర నిండా వేరుశెనక్కాయలు పడతాయే."

"నీ తిండిగోల తగలెయ్య! మందు బుర్రలోనే ఉంటుంది. ముట్టుకున్నావో, తోక ముడేస్తాను!"

కింద మంచులో ఎవరో ఆ మాటల్ని ఒక్కొక్కటే పెదాల మీద పెట్టుకుని రుచి చూశారు. "తగలెయ్య... తగలెయ్య..." అని మెల్లగా, రెండుసార్లు. పైవాళ్లకి వినబడలేదు.

నేరేడమ్మ రేగికి తల దువ్వి వచ్చేసరికి మందులన్నీ కొమ్మ మీద ఉన్నాయి. బుర్ర నిండా వేరుశెనక్కాయలున్నాయి. మేడయ్య ఆకాశం చూస్తున్నాడు. అలాంటప్పుడు మీ అమ్మయితే ఏం చేస్తుందో మీకు తెలుసు. నేరేడమ్మ మాత్రం మొగుడి కళ్లలోకి చూస్తూ పసుపుకొమ్ముని కుడిబుగ్గలో దోపుకుంది. వేపాకు ముద్దని ఎడమబుగ్గలో కుక్కింది. దూది పొట్లం కూడా లోపలికే పోయింది. అరటినార కొస ఒకటి పెదవి మూలనుంచి మీసంలా వేలాడింది. కోతిజాతికి దేవుడిచ్చిన సంచులు బుగ్గలే కదా!

"ఇవాళ నా చెవులకి సెలవు," అన్నాడు మేడయ్య, సంబరంగా.

"ఊఁ!" అంది నేరేడమ్మ. ఆ ఊఁలో పెద్ద తిట్టే ఉంది.

లోయలో దిగగానే తోకలు కనబడటం మానేశాయి. ముందు నేరేడమ్మ, ఆమె తోక పట్టుకుని రేగి, రేగి తోక పట్టుకుని మేడయ్య. అడుగుల చప్పుడు లేదు. పిట్ట కూత లేదు. మంచే ఊపిరి పీల్చి వదులుతున్నట్టు ఒకసారి దగ్గరికొచ్చేది, ఒకసారి దూరం జరిగేది.

మేడయ్య చంకలోని బుర్ర కదిలి కాయ ఒకటి జారిపడింది. రేగి అమ్మ తోక వదిలేసి కాయ మీదికి గెంతింది. పలుగురాయి మీద పడింది. అరికాలు చీరుకుపోయింది.

"నాన్నా! రక్తం!"

కట్టు కడదామంటే మేడయ్య దగ్గర వేరుశెనక్కాయలున్నాయి. రక్తం చూస్తే ఆగేలా లేదు.

"నేరేడూ! ఎక్కడున్నావే?"

ఎడమవైపు నుంచి జవాబొచ్చింది. స్పష్టంగా, చల్లగా.

"ఇక్కడున్నానయ్యా. పిల్లని ఇటు తీసుకురా."

అచ్చం ఆవిడ గొంతే. మేడయ్య పిల్లని ఎత్తుకుని అటు నాలుగడుగులు వేశాడు. రేగి కూడా "అమ్మా!" అంటూ ఆ మంచులోకి చేతులు చాచింది.

"తొందరగా రా. నీ తిండిగోల తగలెయ్య!"

పొద్దున ఎలా సాగదీసిందో అలాగే సాగదీసింది. ఎక్కడ కసిరిందో అక్కడే కసిరింది. ఒక గొంతుని నిలువునా ఒలిచి ఇంకెవరో తొడుక్కున్నట్టుంది. మేడయ్య ఒంటి మీద వెంట్రుకలు ఒక్కొక్కటే లేచాయి. నోటినిండా వేపాకు పెట్టుకుని ఇంత చక్కగా ఎలా తిడుతోంది?

అతను ఆగాడు.

"ఏమే, మందెక్కడ పెట్టావు?"

"అదేం ప్రశ్నయ్యా? బుర్రలోనే ఉంది!"

బుర్ర మేడయ్య చంకలో ఉంది.

అప్పుడే కుడివైపు దూరంగా "ఊఁ! ఊఁ!" అని మూలిగింది ఏదో. మాట లేదు, ముక్కుతో తన్నుకొస్తున్న కోపం మాత్రం ఉంది. ఆ కోపం తనకి తెలుసు. అలా ఊఁ కొట్టగలిగింది ముల్లోకాల్లో ఒక్కతే.

"నేరేడూ, పిల్లని నీ చేతుల్లోకి వదులుతున్నా, పట్టుకో!" అని ఎడమవైపుకి అరిచి, మేడయ్య బుర్రని బలమంతా పెట్టి విసిరాడు. అది దూరంగా ముళ్లపొదలో గలగలమంది. దాని మీదికి ఏదో బరువైనది ఒక్క దూకు దూకింది. ముళ్లు పటపట విరిగాయి.

మేడయ్య వెనక్కి చూడకుండా ఊఁ కొట్టిన వైపు పరుగెత్తి నేరేడమ్మని చేరుకున్నాడు. ముగ్గురూ దొరికిన చెట్టెక్కారు.

నేరేడమ్మ బుగ్గలు ఖాళీ చేసింది. ఆకుల మీది మంచునీళ్లతో గాయం కడిగి, దూదితో నొక్కిపట్టి, పసుపు నూరి అద్ది, నార చుట్టి బిగించింది. రక్తం ఆగింది. (మీరు బుగ్గల్లో పెట్టుకోకండి. మీకు డబ్బాలున్నాయి.)

"ఇప్పుడైనా ఏమన్నా తిట్టవే," అన్నాడు మేడయ్య. "నీ నోటితో వినాలనుంది."

"పిల్ల నిద్రపోనీ. సాయంత్రం దాకా తిడతాను," అంది నేరేడమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

ఇంతలో కిందనుంచి మూలుగు మొదలైంది. "మేడయ్యా, కాపాడవయ్యా!" నేరేడమ్మ గొంతు. చెట్టు మీద ఎవరూ కదల్లేదు. "అమ్మా, నొప్పే!" తప్పిపోయిన మేకపిల్ల గొంతు. తర్వాత కుందేలుది. తర్వాత ఎవరివో ముసలి గొంతులు, పసి గొంతులు. లోయలోకి దిగి తిరిగిరానివాళ్లంతా మంచులో వరసగా నిలబడి ఏడుస్తున్నట్టుంది. రేగి అమ్మ పొట్టలోకి ముఖం దూర్చేసింది.

ఎండ కాస్త లోయలోకి దిగి మంచు పలచబడింది. పొద నడుమ ముందు ఎత్తు, వెనక పల్లంగా, ఒళ్లంతా చారలతో, ఎముకలు కొరికే దుమ్ములగొండి ఇరుక్కుని ఉంది. నాలుగు కాళ్లనిండా ముళ్లు. దాని ముందు వేరుశెనక్కాయలు.

"ఒసే తల్లీ," అంది అది, ఇంకా నేరేడమ్మ గొంతుతోనే. "కొంచెం పసుపుంటే పడెయ్యవే."

"నా గొంతుతో నన్నే అడుక్కుంటావా? సిగ్గులేదూ?" అంది నేరేడమ్మ. "నీ గొంతుతో అడుగు."

దుమ్ములగొండి నోరు తెరిచింది. ఏమీ రాలేదు. ఎంత వెతికినా అన్నీ ఇతరుల గొంతులే తగిలాయి. చివరికి ఎక్కడో అడుగునుంచి, తుప్పుపట్టిన తలుపు తెరుచుకున్నట్టు, సన్నగా ఒక కీచు బయటికొచ్చింది.

"నొప్పిగా... ఉంది."

నేరేడమ్మ మిగిలిన పసుపుముక్కని దాని ముందుకి విసిరింది. "ముల్లుని ముల్లుతోనే తీసుకో. నీకు ముళ్లకేం కొదవ?"

ముగ్గురూ కొమ్మల మీదుగా ఉసిరివనం వైపు వెళ్లిపోయారు. దుమ్ములగొండి ఒంటరిగా పొదలో కూర్చుని, ఒక్కో ముల్లూ పీకుతూ, పీకినప్పుడల్లా కీచుమంది. ఆ కీచు తనదేనని నమ్మకం కుదరక ప్రతిసారీ ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసింది.

నీతి: తెలిసిన గొంతు పిలిచిందని పరుగెత్తకు; మందెక్కడుందో ఇంట్లోవాళ్లకే తెలుసు, ఒక్కమాట అడుగు.