అచ్చాయమ్మ దంపుళ్ళ పాట

అనగనగనగా, మా అమ్మమ్మకి అమ్మమ్మ కూడా పుట్టకముందు, ఒక ఊళ్ళో ఒక రాజు. రాజుకి కోట ఉంది, రాణి ఉంది, చెవులు రెండూ ఉన్నాయి గానీ పాట వినడమే రాదు. ఆ సంగతి ఎక్కడ బయటపడుతుందోనని ఎవరేం పాడినా ఆహా అనేవాడు. ఎవరైనా దగ్గినా ఆహానే. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి. లేకపోతే గోడకి చెప్పుకుంటున్నట్టుంది నాకు.

ఆ రాజు కొలువులో తాతంభొట్లని ఒక విద్వాంసుడు. గానగండభేరుండ అని బిరుదు ఆయనకి. శాలువాలు పెట్టుకోడానికి సొంతిల్లు చాలక పక్కిల్లు కూడా కలిపేసుకున్నాడు. పాటంటారా? పాట కట్టి ఏడేళ్ళయింది. కాలికి రాజు తొడిగిన బంగారు గండపెండేరం మాత్రం ఉంది, అది ఊపుకుంటూ వీధిలో నడవడమే పని. ఉగాదికి కొత్త పాట వినిపించకపోతే ఆ పెండేరం ఊడదీయిస్తానన్నాడు రాజు. ఇహ చూడండి, తాతంభొట్లుకి తిండి సహించలేదు.

కోట వెనకాల రాజుగారి వంటకి వడ్లు దంచే కొట్టం ఒకటి ఉంది. అక్కడ దంచే అచ్చాయమ్మకి ఈ ఏడుపులేమీ తెలీవు. చేతినిండా కాయలు, నోటినిండా పాటలు ఆవిడకి. ఆవిడతో కలిపి ముగ్గురు ఆడవాళ్ళు రోటి చుట్టూ నిలబడి వరసగా రోకళ్ళు వేస్తారు. నాలుగోది నాంచారి, వయసులో చిన్నది. కింద కూచుని, పోటుకీ పోటుకీ మధ్య చెయ్యి పెట్టి చెదిరిన గింజల్ని రోట్లోకి తోస్తుంది. ఎవరి పోటు ఎప్పుడో, చెయ్యి ఎప్పుడు తియ్యాలో చెప్పేది పాటే. సువ్వీ అనేసరికి చెయ్యి బయట ఉండాలి. లేకపోతే వేళ్ళు పచ్చడే.

పాట లేస్తే రోకలి లేచేది, రోకలి పడితే పొట్టు పోయేది, పొట్టు పోతే బియ్యమయ్యేది, బియ్యం ఉడికితే అన్నమయ్యేది, అన్నం తింటే రాజు పొట్ట నిండేది, పొట్ట నిండితే రాజు ఆవలించేవాడు, రాజు ఆవలిస్తే కొలువంతా ఆవలించేది. అంతా అచ్చాయమ్మ గొంతులోంచే మొదలన్నమాట. ఎవడికి తెలుసు?

ఆ ఏడు ఆవిడ కొత్త పాట కట్టింది.

రాజు తినే అన్నాన రాయి లేదే సువ్వీ
ఏరిన ఈ చేతులకి పేరు లేదే సువ్వీ
అచ్చాయి కట్టింది, ఆలకించండే సువ్వీ

కట్టినవాళ్ళ పేరు ఆఖరున పెట్టడం ఆనవాయితీ. ఆ ఒక్క ముక్క పాడేటప్పుడు అచ్చాయమ్మ నడుం నిటారుగా అయ్యేది.

ఆ కొట్టం గోడకి అవతల, ఉగాదికి పాట దొరుకుతుందని తాటాకూ గంటమూ పట్టుకుని, ముక్కు మీద కండువా వేసుకుని కూచున్నాడు మన గండభేరుండం. లోపల్నించి వినబడ్డది వినబడ్డట్టు గీసేశాడు. జన్మలో రోకలి మొహం చూసినవాడు కాదాయె, ఏది పాటో ఏది కాదో ఏం తెలుస్తుంది? ఉగాదినాడు కొలువులో గొంతు సవరించుకుని ఎత్తుకున్నాడు. రాజు తినే అన్నాన రాయి లేదే, ఒసే నాంచారీ చెయ్యి తియ్యవే, ఏరిన ఈ చేతులకి పేరు లేదే, హుష్ కోడీ హుష్ హుష్, తాతంభొట్లు కట్టెను ఆలకించండే.

రాజుకి ఏమీ అర్థం కాలేదు. అడిగితే పరువు పోతుందని ఆహా అన్నాడు. మంత్రీ ఆహా అన్నాడు. పదకొండుమంది పండితులు లేచి నాంచారి అంటే జీవుడని, చెయ్యి అంటే మమకారమని, కోడి అంటే మాయ అని మధ్యాహ్నం దాకా వ్యాఖ్యానం చెప్పారు. నవ్వకండర్రా, ఇంకా ఉంది.

తన దొంగతనం బయటపడుతుందని భయం కదా, తాతంభొట్లు ఇంకో ముక్క విన్నవించుకున్నాడు. ఇది ఆస్థానగీతం ప్రభూ, మామూలు నోళ్ళలో పడితే మైలపడుతుందీ అని. సరే, పాడినవాళ్ళని ఊరు దాటించండన్నాడు రాజు. సాయంత్రానికి కొట్టం ముందర దండోరా వేశారు.

తన పాట తను పాడితే తనే దొంగ. అచ్చాయమ్మ ఆ మాట వింటూ రోకలి గోడకి ఆనించి అక్కడే కూలబడింది. మొగుడు పోయిననాడు కూడా పనిలోకి వచ్చిన మనిషి, ఆవాళ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అన్నం లాక్కున్నా ఓర్చుకునేది. ఇది ఓర్చుకోలేకపోయింది.

మర్నాడు నోళ్ళు మూసుకుని దంచారు. ఇంకే పాటా ఎత్తుకోబుద్ధి కాలేదు ఎవరికీ. పాట లేకపోతే వరస తప్పింది, వరస తప్పితే రోకలికి రోకలి తగిలింది, నాంచారి భయపడి చెయ్యే పెట్టలేదు, చెయ్యి పెట్టకపోతే గింజలన్నీ నూకలైపోయాయి, నూకలు ఉడికితే జావైంది, ఆ జావ వెళ్ళి రాజుగారి బంగారు పళ్ళెంలో పడింది. మూడు రోజులు తాగాడు. నాలుగోనాడు దంచేవాళ్ళని పట్టుకురమ్మని కేకేశాడు.

పాట తనదని అచ్చాయమ్మ అంటే నమ్మేదెవరు? శాలువాలున్నవాడి మాటే చెల్లుతుంది. అందుకని ఆవిడ నాది అనలేదు. పాట లేందే దంపు సాగదు మహారాజా, పాడేందుకు మాకు హక్కు లేదు, కట్టిన పంతులుగారే వచ్చి పాడితే మేం దంచుతామంది.

రాజు సరేనన్నాడు. రోలు కొలువులోకే దొర్లించుకొచ్చారు. అచ్చాయమ్మ రోకలెత్తి, "పంతులుగారూ, మీ పాటలోనే ఉంది గదండీ, చెయ్యి తియ్యమని. తియ్యాలంటే ముందు పెట్టాలి. కూచుని చెయ్యి పెట్టండి. ఎప్పుడు తియ్యాలో కట్టినవారికి తెలవదా?" అంది.

తాతంభొట్లు కూచున్నాడు. ఉంగరాల చెయ్యి రోట్లో పెట్టాడు. పైకి చూశాడు. మూడు రోకళ్ళు, ఒక్కోటీ మనిషెత్తు. రాజు తినే, రాజు తినే, అని రెండుసార్లు అని, చెయ్యి లాక్కుని ఒళ్ళో దాచుకుని, గోడ పక్కన రాసుకున్నానని ఒప్పేసుకున్నాడు.

పదకొండుమంది పండితులూ ఆ కోడి సంగతి మాకు మొదట్నించీ అనుమానమేనన్నారు. రాజు పెండేరం తీయించి అచ్చాయమ్మకి తొడగబోతే, అది తొడుక్కుని దంచితే మడమ ఒరుసుకుంటుంది, వద్దులెండి బాబూ అంది. నా పాట నాకిమ్మంది. దండోరా వేసినవాడే అన్ని వీధుల్లోనూ అచ్చాయి కట్టింది ఆలకించండే అని చాటాలంది. చాటాడు. తాతంభొట్లుని ఏడాదిపాటు కొట్టంలో చేటతో చెరగమన్నారు. మొదటిసారి పనికొచ్చాడు పాపం.

అచ్చాయమ్మ తల పైకెత్తుకుని కొట్టానికి వచ్చింది. అందరూ దిష్టి తీశారు. నాంచారి మాత్రం పక్కకి పోయి చేట సర్దుకుంటోంది. ఏమే అంటే ఏం లేదంది. గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు, "ఏరిన చేతులకి పేరు లేదే అన్న ముక్క నేను గదా అక్కా అన్నాను. ఆ రోజు నీకు రెండో వరస దొరక్కపోతే," అంది, తలెత్తకుండా.

అచ్చాయమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. నిజమే. ఆ ముక్క నాంచారిదే. అది లేకపోతే పాటే లేదు. మూణ్ణెల్లుగా దాని ఎదుటే, దాని చెయ్యి రోట్లో ఉండగానే, తన పేరు పెట్టుకుని పాడుతోంది. ఒక్కనాడూ గుర్తురాలేదు. సిగ్గుతో చచ్చిపోయింది. రోకలి పట్టుకుని అప్పటికప్పుడు, అచ్చాయి నాంచారి కట్టిరమ్మా సువ్వీ అని ఎత్తుకుంది. నాంచారి గొంతు కలిపింది. ఆనాటి నుంచి ఆ కొట్టంలో మెతుకంత మాట సాయం చేసినవాళ్ళ పేరైనా పాటలో చేరాల్సిందే. బియ్యం తెల్లగా వచ్చేవి, రాజు కడుపునిండా తిని హాయిగా ఉన్నాడు, వాళ్ళూ హాయిగా ఉన్నారు.

అదర్రా. ఎవరి పాట పాడినా వాళ్ళ పేరు చెప్పాలి. ఈ కథ నాదేం కాదు, మా మేనత్త సీతారత్నం చెప్పింది. రేపు బళ్ళో ఎవరికైనా చెబితే ఆవిడ పేరు చెప్పండి. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి.