రెండు కౌగిళ్ల మద్ది

టేకూ మద్దీ కలిసి పెరిగిన అడవి అది. కావలివాడు సింగన్న, అతని భార్య ముత్యాలు చేతులు కలిపి చెట్టును చుడితే ఆ చుట్టుకొలత రెండు కౌగిళ్లు. రాజముద్ర పడిన కొలత అదే. ముత్యాలు పోయి మూడేళ్లయింది. సింగన్న మనిషి గొంతు వినీ అంతే అయింది.

ఒకనాడు దివాను గొడ్డళ్లవాళ్లతో దిగి, రెండు కౌగిళ్లకు మించిన చెట్లన్నీ నరకమన్నాడు. పెద్ద మద్దిని వాళ్లలో పొడుగువాళ్లిద్దరు వాటేసుకుంటే చేతులు కలిశాయి. పొట్టివాళ్లకు అందలేదు.

"పొట్టివాళ్ల లెక్కే ఖాయం. కొట్టండి," అన్నాడు దివాను.

"రాజుగారి కొలత మా ఆలుమగల చేతులే కదా దొరా," అన్నాడు సింగన్న. "కొలత మారిస్తే ఎంతవాడికైనా శిక్ష తప్పదని అప్పట్లో తమరే చాటింపు వేయించారు. నా చేతులు ఇవిగో. పోయిన ముత్యాలు చేతులు తెప్పించి, కొలిచాక కొట్టించండి."

దివాను గొడ్డళ్లవాళ్లను వెంటబెట్టుకుని వెనుదిరిగాడు.

అందరూ వెళ్లాక సింగన్న మద్దిని కావలించుకున్నాడు. అవతల ముత్యాలు వేళ్లు తగిలే చోట, బెరడు తడుముతూ ఉండిపోయాడు.