చెయ్యి లేని చోట

ప్రశ్న అడిగినవాళ్ళకి పని చెప్పడం పరంజ్యోతి మాస్టారి అలవాటు. శ్రుతి ఎందుకు నిలవడం లేదని అడిగితే కిటికీ రెక్కలు తుడవమనేవారు. లయ ఎందుకు తప్పుతోందని అడిగితే టీకొట్టుకి పంపి, పాలు పొంగేదాకా చూసి రమ్మనేవారు. కాకినాడ జగన్నాథపురంలో, ఒక మేడ మొదటి అంతస్తులో, ఒకే ఒక్క గది ఆయన గిటార్ క్లాసు. "ఏమీ అడక్కండర్రా, చీపురు చేతికిస్తారు" అని పాతవాళ్ళు కొత్తవాళ్ళకి ముందే చెప్పి ఉంచేవారు. వాదనకి సిద్ధపడి వచ్చిన మనిషికి వాదన దొరకకుండా చేయడం ఒక రకం దౌర్జన్యమే. అయినా ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు పాఠాలు మరిచిపోయారు గానీ ఆ దౌర్జన్యాన్ని మరిచిపోలేదు.

హెప్సిబా అక్కడ చేరి ఐదు నెలలైంది. నలభైకి ఒక ఏడాది తక్కువ. ఆస్పత్రిలో హెడ్ నర్సు. ఇంట్లో పక్షవాతంతో మంచం పట్టిన తల్లి, ఇద్దరు తమ్ముళ్ళు, ఒక మరదలు. ఆ మంచం చుట్టూ ఆరు చేతులున్నాయి. అయినా తడిసిన దుప్పటి హెప్సిబా డ్యూటీ దిగి వచ్చేదాకా తడిగానే ఉండేది. "నీలాగా మాకు చేతకాదక్కా" అనేవారు. వినడానికి అది పొగడ్త. విప్పి చూస్తే లోపల డ్యూటీ చార్టు ఉంటుంది, అందులో ఒకటే పేరు. వారానికి మూడు సాయంత్రాలు, గంట చొప్పున, ఈ గది మాత్రమే ఆమె తనకోసం అట్టిపెట్టుకున్నది. గిటార్ కూడా సొంతం కాదు, మాస్టారు వాడుకోమని ఇచ్చింది.

మొదటి రెండు నెలలూ సాఫీగా నడిచాయి. ఆ తరవాత ఎఫ్ కార్డ్ వచ్చింది, ఆరు తీగలూ ఒక్కసారే కలిసి మోగాల్సిన పట్టు. చూపుడువేలిని కర్రలా చాచి ఆరు తీగల మీదా అడ్డంగా వెయ్యాలి. మిగిలిన మూడు వేళ్ళూ దానికి కాస్త ముందు, తలా ఒక తీగ పట్టుకోవాలి. దీన్ని బార్ కార్డ్ అంటారని చెప్పిన రోజు, "మాస్టారూ, ఆ మాట మా పాస్టరుగారి చెవిన పడితే నన్ను సంఘంలోంచి తీసేస్తారు" అని ఆమె నవ్వింది. ఆ నవ్వు రెండు వారాలు కూడా నిలవలేదు. మూడు నెలలుగా ఎఫ్ దగ్గరికి వచ్చేసరికి గిటార్ గుడ్డలో చుట్టిన డబ్బాలా డబడబమనేది. ఆమె ఇంకా గట్టిగా నొక్కేది. మణికట్టు నుంచి మోచేతి దాకా నరం లాగేసేది. మర్నాడు వార్డులో సూది మందు ఎక్కించేటప్పుడు బొటనవేలు వణికేది.

ఆ శుక్రవారం ఆమె గిటార్ తిరిగి ఇచ్చేయడానికే వచ్చింది. అయినా అలవాటుగా కూర్చుంది, ఎఫ్ పట్టుకుంది, మీటింది. డబ్. మళ్ళీ మీటింది. డబ్.

"మాస్టారూ, ఒక్క మాట సూటిగా చెప్పండి" అంది గిటార్ ఒళ్ళో పడుకోబెట్టి. "ఇది నా చేతికి వచ్చేదా, రానిదా? రానిదైతే ఇవాళే మానేస్తాను. పొద్దున లేచిన దగ్గర్నుంచి అన్నీ బలం పెట్టి లాక్కొచ్చేవే. ఈ ఒక్క గంట కూడా బలం పెట్టాలంటే ఇంక నావల్ల కాదు. నా దగ్గర లేదు."

మాస్టారు వింటున్నట్టే ఉన్నారు గానీ చెవి మెట్ల వైపు ఉంది. పై అంతస్తువాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తున్నారు. ఇనుము గోడకి రాసుకుంటున్న చప్పుడు, దాని వెనకే ఎవరిదో తిట్టు.

"బీరువా మలుపులో ఇరుక్కున్నట్టుంది. ఒక చెయ్యి వేసి రామ్మా" అన్నారు.

హెప్సిబా ఆయన్ని ఒక్క క్షణం తేరిపార చూసింది. అడిగిందేమిటి, ఈయన చెప్పేదేమిటి? కానీ పని అనగానే లేచే కాళ్ళు ఆమెవి. అవి అప్పటికే లేచాయి.

మెట్ల మలుపులో నలుగురు హమాలీలు పెద్ద ఇనప బీరువాని ఏటవాలుగా పట్టుకుని నిలబడ్డారు. పైన ఇద్దరు, కింద ఇద్దరు. కింద ఎడం పక్క ఉన్న సన్నటి మనిషి ముఖం కందిపోయి ఉంది. హెప్సిబా సరాసరి అతని పక్కకి వెళ్ళి, అతని చేతుల పక్కనే తన రెండు చేతులూ పెట్టి, ఊపిరి బిగబట్టి ఎత్తింది. మరుక్షణం బీరువా మొత్తం ఆ మూలకే దిగబడింది. ఆమె భుజం గోడకి కొట్టుకుంది.

"ఓలమ్మో! ఆగండాగండి!" అని పైనుంచి మేస్త్రీ గవర్రాజు అరిచాడు. "ఎవరండీ తమరు? ఆడి సేతిమీద సెయ్యెందుకేశారు?"

"బరువు మొయ్యలేకపోతున్నాడు కదయ్యా!"

"మోత్తన్నాడండీ, ఇప్పటిదాకా మోసింది ఆడే కదా. తమరొచ్చి ఎత్తేసరికి ఒళ్ళు ఒదిలేశాడు. ఏరా సింహాచలం, ఒదిలేశావా లేదా?"

సింహాచలం సిగ్గుపడుతూ పళ్ళికిలించాడు. "అమ్మగోరు బాగా ఎత్తేత్తంటేని..."

"ఇన్నారా? ఆడు మంచోడేనండి. కానీ పక్కన ఇంకోళ్ళు మోత్తంటే ఎవుడైనా ఒదిలేత్తాడు. నేనైనా అంతే. సెయ్యి ఉన్న కాడ ఇంకో సెయ్యి దేనికండీ? లేని కాడ ఎయ్యండి."

"లేని చోటు ఎక్కడుంది?" అంది హెప్సిబా భుజం రుద్దుకుంటూ.

గవర్రాజు గడ్డంతో చూపించాడు. బీరువా తాళం ఎప్పుడో పాడైంది. తలుపుకి అడ్డంగా కట్టిన తువ్వాలు జారిపోయింది. మలుపు తిప్పబోయిన ప్రతిసారీ ఆ తలుపు తెరుచుకుని మెట్ల కమ్మీకి తగులుకుంటోంది. నాలుగు జతల చేతులూ బరువు మీదే ఉన్నాయి. తలుపు మీద ఎవరి చెయ్యీ లేదు.

ఆమె అటు వెళ్ళి తలుపు మీద అరచెయ్యి ఆనించింది. నొక్కలేదు, ఆనించింది అంతే. "ఊఁ, తిప్పండ్రా" అన్నాడు గవర్రాజు. బీరువా మూలుగుతూ తిరిగింది, ఒక్కొక్క మెట్టే కింద వీధి దాకా దిగింది. సింహాచలం ముఖం మళ్ళీ కందింది. ఈసారి హెప్సిబా అతని వైపు వెళ్ళలేదు. వెళ్ళకుండా ఉండటానికి ఆమె పళ్ళు బిగించాల్సి వచ్చింది. అతను మోశాడు.

పైకి వచ్చేసరికి మాస్టారు ఒక పాత తీగని చుట్టగా చుడుతున్నారు. "ఎఫ్ పట్టుకో" అన్నారు.

పట్టుకుంది. మీటబోయి ఆగింది. మూడు నెలల్లో మొదటిసారి ఆమె తన ఎడమచేతిని, రోగి చేతిని చూసినట్టు, తీరిగ్గా చూసింది. చూపుడువేలి కింద ఆరు తీగలు. అందులో మధ్యవి మూడు. వాటి మీద ముందువైపు ఉంగరపువేలు ఉంది, చిటికెనవేలు ఉంది, నడిమివేలు ఉంది. ఆ మూడింటినీ అవే మోస్తున్నాయి. ఎవరో మోస్తున్న తీగల్ని ఇన్నాళ్ళూ ఈ ఒక్క వేలు ఎముక నొప్పి పుట్టేదాకా నొక్కుతోంది. దానికోసం నిజంగా కాచుకుని ఉన్నవి పైన ఒక లావు తీగ, కింద రెండు సన్న తీగలు. వాటి మీదే అది సరిగ్గా లేదు.

వేలి నడుమ పట్టు సడలించింది. కొననీ మొదలునీ కొద్దిగా సర్దింది. మీటింది.

ఐదు తీగలు పలికాయి. ఆరోది ఇంకా మూగగానే ఉంది. అది అద్భుతమేమీ కాదు. మోగిందీ మోగనిదీ కలిసి గదిలో కాసేపు తిరిగి ఆగిపోయాయి. హెప్సిబా రెండోసారి మీటలేదు. చెయ్యి అలాగే ఉంచి, తల గిటార్ అంచుకి ఆనించి కళ్ళు మూసుకుంది. అలసట ఎక్కడికీ పోలేదు. కాకపోతే అది ఎక్కడెక్కడ ఉందో ఇప్పుడు ఆమెకి తెలుస్తోంది.

గంట అయిపోయింది. ఆమె గిటార్‌ని సంచిలో పెట్టి, భుజానికి తగిలించుకుని గుమ్మం దాకా నడిచింది. ఇచ్చేసి పోదామని వచ్చిన సంగతి ఆమె ఎత్తలేదు. ఎత్తాలని మాస్టారికీ లేదు. గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగింది.

"మరి వేలి నడుమ భాగం ఏం చెయ్యాలి మాస్టారూ? నొక్కకూడదు. అలాగని తీసెయ్యడానికీ లేదు."

"ఉండాలమ్మా" అన్నారు మాస్టారు, తీగ చుట్టని మేకుకి తగిలిస్తూ. "ఊరికే ఉండాలి. నీకు ఎఫ్ కంటే అదే కష్టం."