రెండో అతుకు దగ్గర ఎర్ర గీతలు

ఓబులేసుకు ఇక సంతకం ఒక్కటే మిగిలింది. గుట్ట మీద పదహారు గాలిమరలున్నాయి. వాటిలో మూడో నంబరుకు ఇరవై ఏళ్లు నిండాయి. తయారుచేసినవాళ్లు దానికి రాసిచ్చిన ఆయుష్షు అంతే. ఇంకా నడపొచ్చా, దించెయ్యాలా అన్నది పరీక్షించి రాసివ్వడం ఓబులేసు పని. ఇంకో ఏడేళ్లు నడపొచ్చని అతను రాశాడు.

రాసి, ఆ కాగితంతో నేరుగా ఖాదర్‌వలీ తాత దగ్గరికి వెళ్లాడు. తాత ఆ గుట్ట మీదే రాతి గుడిసెలో ఉండే ఫకీరు. పద్దెనిమిదేళ్లుగా ఓబులేసు ఆయన శిష్యుడు. ప్రతి గురువారం వెళ్లి కాసేపు ఆయన పక్కన కూర్చుని వస్తాడు. ఆరోజు సోమవారమే. గొప్ప పని చేశాననుకున్న మనిషికి గురువారం దాకా ఆగబుద్ధి కాదు.

"నీ చెయ్యి తగిలిస్తే సంతకం పెడతా తాతా" అన్నాడు.

తాతకు చదువు రాదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏముండాది దీంట్లో?"

"మూడో మర ఆయుష్షు. ఇంకా ఏడేండ్లు."

"అల్లా చెప్పినాడా?"

"నేను లెక్కగట్టినా."

ఆ మాటలో గర్వం ఉంది. ఉండదా మరి! మొదటి ఏడాది వంద యూనిట్లు ఇచ్చిన గాలికే ఆ మర ఇప్పుడు ఎనభై రెండు ఇస్తోంది. ఏ ఏడు ఎంత తగ్గిందో, అందులో రెక్కల అంచులు అరిగి తగ్గిందెంతో, లోపల పళ్లచక్రాలు అరిగి తగ్గిందెంతో ఓబులేసుకు నోటికొచ్చు. ఎక్కడా దభాలున పడిపోలేదు. ఏటా కొంచెం కొంచెంగా, మర్యాదగా తగ్గుతూ వచ్చింది. ఇదంతా అతను తాతకు పూసగుచ్చినట్టు చెప్పాడు.

"కరెంటు సంగతి సరే. అది నిలబడుకోనుండే సంగతి?"

దానికీ జవాబుంది. స్తంభం మూడు ముక్కలు. పునాది దగ్గర ఒక అతుకు, ముక్కకూ ముక్కకూ మధ్య ఒక్కో అతుకు, ప్రతి అతుకు చుట్టూ బోల్టులు. నట్టు బిగించగానే దాని మీది నుంచి పక్కనున్న ఇనుము మీదికి రంగుతో ఒక గీత గీస్తారు. నట్టు ఏమాత్రం కదిలినా గీత రెండు ముక్కలవుతుంది.

"గీతలన్నీ తిన్నగా ఉండాయి తాతా."

"ఎక్కి చూసినావా?"

"కింది అతుకు నా కండ్లతో చూసినా. పైవాటికి పనోళ్లు ఫోటోలు తీసుకొచ్చినారు. ఈ మోకాళ్లతో నేనెక్కడ ఎక్కేది?"

తాత చాప చుట్టి చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. ఓబులేసు వెనకే వెళ్లాడు. తాత మూడో మర మొదలు దగ్గర చాప పరిచి, ఇనుప స్తంభానికి వీపు ఆనించి, కాళ్లు చాపుకున్నాడు.

"సంతకం పెట్టుకో పో. నేనింక ఈడనే ఉంటా."

"ఈడనా? ఎన్నాళ్లు?"

"ఏడేండ్లు. అంతకుమించి నాకూ గ్యారంటీ లేదులే."

ఓబులేసు నవ్వాడు. తాత నవ్వలేదు. రెక్కల నీడ ఆయన గడ్డం మీదుగా వెళ్తోంది, మళ్లీ వస్తోంది.

"వద్దు తాతా. లెయ్."

"ఏం? మర తిరగలేదా?"

"తిరుగుతాంది."

"కరెంటు రాలేదా?"

"వస్తాంది."

"గీతలు తిన్నగా లేవా?"

ఓబులేసుకు భయం వేసింది. పద్దెనిమిదేళ్లుగా ఎవరి పక్కన కూర్చుంటే ధైర్యంగా ఉండేదో, ఆయన అక్కడ కూర్చుంటేనే భయం వేసింది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర ఆపాడు. నడుముకు బెల్టు కట్టుకుని, బోలు స్తంభం తలుపు తీసి లోపలి నిచ్చెన ఎక్కసాగాడు.

మెట్టు మెట్టుకూ మోకాళ్లు తిట్టాయి. రెండో అతుకు దగ్గర ఆగి లైటు వేశాడు. ఎర్ర గీతలు ఫోటోలో ఉన్నట్టే తిన్నగా ఉన్నాయి. వాటి చుట్టూ ఇనుమంతా ఏళ్లనాటి నూనె జిడ్డు. గీతలు మాత్రం కొత్తగా ఉన్నాయి. ఒకదాన్ని గోటితో గీకాడు. ఎరుపు పెచ్చుగా లేచింది. దాని కింద పాత పసుపు గీత నట్టు మీద ఒకచోట, ఇనుము మీద ఇంకోచోట ఉంది. మధ్య వేలెడు ఎడం. పక్క నట్టు గీకాడు. అదీ అంతే. పదకొండో నట్టు దాకా గీకి ఆపేశాడు.

పోయిన సర్వీసులో "గీతలు మాసిపోయినాయంట, మళ్లా గీయండ్రా" అని కిందినుంచి కేక వేసింది ఎవరో కాదు, తనే. పనివాళ్లు గీశారు. బిగించి గీయమని తను చెప్పలేదు, వాళ్లూ బిగించలేదు. ఓబులేసు సిగ్గుతో ఆ ఇనుముకు తల ఆనించాడు.

దిగి రాగానే ఆఫీసుకు ఫోన్ చేసి, మూడో మర తిప్పొద్దని, దగ్గరికి ఎవర్నీ రానివ్వొద్దని చెప్పాడు. తర్వాత తాత చెయ్యి పట్టుకుని లేపాడు.

"తప్పయిపోయింది తాతా. కింద నువ్వుండావని ఎక్కినా. లేకుంటే సంతకం పెట్టేసుంటి."

తాత చాప దులిపాడు.

"నేను ఈ పొద్దు కూచుంటి, అంతే గదా నాయనా. మేకలోళ్లు రోజూ మధ్యాన్నం ఈ నీడలోనే పండుకుంటారు."